చెరగని పేరుచీటీ

అలమరలో ఒకే తీరు సీసాలు రెండు: ఒకటి త్రాగుమందు, రెండవది పూతమందు. కాగితపు చీటీ తడిసి చెరిగెనా, ప్రాణమునకే ముప్పు.

ఇట్టి ఇండ్లకు పేరుచీటీ యంత్రము మేలైన తోడు. జపానుకు చెందిన బ్రదర్ సంస్థ 1988లో వెలువరించిన పీ-టచ్ ఈ జాతిదే. అక్షరముల మీటలు నొక్కి పేరు కూర్చినచో, లోపలి ముద్రణభాగము వేడెక్కి రిబ్బనులోని సిరాను పట్టీపైకి దింపును. రెండు పొరల పట్టీలో అక్షరములు నడుమ నిలుచుటచే తడికి చెరగవు.

కోత మాత్రము పలు యంత్రములలో మన చేతిపని. పట్టీ కదలిక ఆగిన పిమ్మటనే కత్తిమీట నొక్కవలెను. తొందరపడినచో పట్టీ చిక్కుకొనును. కత్తికిని ముద్రణభాగమునకును ఎడమున్నందున ప్రతి చీటీకి ముందు కొంత పట్టీ వృథాగా వచ్చును. కనుక పలు పేర్లు వరుసగా ముద్రించి, పిదప కత్తెరతో విడదీయుట పొదుపు.

మొదటి చీటీ పూతమందు సీసాకే అంటింపుడు: "త్రాగరాదు".