మెషీన్ బానే ఉంది, మెమరీ చిప్ మాత్రం మార్కెట్లో లేదు: అప్పుడేం చేస్తారు?

ర్యామ్ చాలట్లేదంటే మనం ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఎప్పుడొస్తుందా అని చూస్తాం. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో నేల కింద పనిచేసే మెషీన్లకి ఆ ఆఫర్లు ఉండవు. సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో 2014లో ఉత్పత్తి మొదలైంది. బొగ్గు కోసే షియరర్, పైకప్పుని మోస్తూ ముందుకు జరిగే వందకు పైగా షీల్డులు, వాటన్నిటికీ ఎలక్ట్రానిక్ కంట్రోల్స్. ఇలాంటి సెటప్‌ని ఏళ్ల తరబడి నడపాలన్న లెక్కతోనే కొంటారు. మెమరీ కంపెనీల లెక్క వేరు.

ఆ లెక్క ఎలా ఉంటుందో 2025లో మనమూ చూశాం. డీడీఆర్4 ఆపేస్తున్నామని పెద్ద కంపెనీలు చెప్పడంతో రేట్లు ఎగిరి, జూన్‌లో స్పాట్ మార్కెట్లో డీడీఆర్5నే దాటేశాయి. పీసీ అయితే ఏడ్చుకుంటూ మదర్‌బోర్డు మార్చేస్తాం. ఇండస్ట్రియల్ బోర్డుకి ఆ దారి అంత ఈజీ కాదు.

పాత కంట్రోల్ బోర్డుల్లో తరచూ కనిపించేది ఫాస్ట్ ఎస్‌ర్యామ్. దీనికి రిఫ్రెష్ అక్కర్లేదు, అడ్రస్ ఇచ్చిన 10 నానోసెకన్లలో డేటా వచ్చేస్తుంది. ఉదాహరణకి సైప్రెస్ సీవై7సీ1041 ఫ్యామిలీ: 4 మెగాబిట్లు, 16 బిట్ల వెడల్పు, 44 కాళ్లు. (సైప్రెస్ 2020లో ఇన్ఫినియన్ చేతికి వెళ్లింది.) ఇదే సైజులో, ఇదే కాళ్లతో ఐఎస్ఎస్ఐ ఐఎస్61డబ్ల్యూవీ25616 ఇస్తుంది, అలయన్స్ మెమరీ ఏఎస్7సీ34098ఏ ఇస్తుంది. కాబట్టి ఒక కంపెనీ చిప్ దొరక్కపోతే కథ అయిపోయినట్టు కాదు.

రెండు డేటాషీట్లు పక్కపక్కన పెడితే ఒక్కోసారి అడ్రస్ పిన్ల నంబర్లు కలవవు. ఒకరు ఏ3 అన్న కాలిని ఇంకొకరు ఏ5 అంటారు. కంగారు పడక్కర్లేదు. లాకర్ల మీద నంబర్లు తారుమారైనా, పెట్టినవాడూ తీసేవాడూ ఒకే నంబర్ వాడితే సామాను దొరుకుతుంది కదా, ఇదీ అంతే. ఈ వెసులుబాటు మామూలు ఎస్‌ర్యామ్‌కే. డీర్యామ్‌లో మోడ్ సెట్టింగులు కూడా అడ్రస్ పిన్ల ద్వారానే వెళ్తాయి, అక్కడ తారుమారు చేస్తే బోర్డు లేవదు.

అసలు దెబ్బ తగిలేది వోల్టేజీ దగ్గర. సీవై7సీ1041డి 5 వోల్టులది, చివర డీవీ33 అని ఉంటే 3.3 వోల్టులది. చూడ్డానికి రెండూ ఒకటే! 5 వోల్టుల సాకెట్‌లో రెండోది పెడితే చిప్ పోయినట్టే. స్పీడ్ ఎక్కువున్నది తీసుకుంటే సేఫ్ అనుకోవడమూ పొరపాటే. కొత్త చిప్ సిగ్నల్‌ని మరీ నిటారుగా లేపుతుంది. ఆ వేగాన్ని ఊహించకుండా గీసిన పాత బోర్డులో రింగింగ్ మొదలై, ఎప్పుడో ఒకసారి ఒక బిట్ తప్పు చదువుతుంది. ఇలాంటి ఫాల్ట్ పట్టుకోవడం నరకం.

ఇక క్యూడీఆర్ రకం ఎస్‌ర్యామ్ అయితే రీడ్‌కి ఒక పోర్టు, రైట్‌కి ఒక పోర్టు విడిగా ఉంటాయి. మామూలు చిప్ దాని చోట కూర్చోదు. ఎఫ్‌పీజీఏలో మెమరీ కంట్రోలరే తిరగరాయాలి.

5 వోల్టుల చిప్ దొరక్కపోతే చిన్న అడాప్టర్ బోర్డు చేసి, రెగ్యులేటర్, లెవెల్ షిఫ్టర్ పెట్టి 3.3 వోల్టులది బిగిద్దాం అనిపిస్తుంది. ఇంట్లో పాత గేమ్ కన్సోల్‌కి నేనూ అదే చెబుతాను. బొగ్గు గనిలో అలా కుదరదు. మీథేన్ ఉండే చోట వాడే ‘ఇంట్రిన్సికల్లీ సేఫ్’ పరికరాల్లో, నిప్పురవ్వ వచ్చినా గ్యాస్ అంటుకోనంత తక్కువ ఎనర్జీ ఉండాలి. మనం చేర్చిన కెపాసిటర్‌లో దాచుకునే ఎనర్జీ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పైగా అలాంటి పరికరానికి డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్, ఆమోదం ఉంటుంది. ఆమోదం పొందిన డిజైన్‌ని రిపేర్ బెంచ్ మీద మన ఇష్టానికి మార్చకూడదు. అందుకే అచ్చం అదే చిప్ కోసం వెతుకుతారు. నకిలీగాళ్లకి కావాల్సింది కూడా అదే.

వాళ్ల పద్ధతి సింపుల్. పాత బోర్డుల నుంచి పీకిన చిప్ పైభాగం అరగదీసి, నల్ల పూత వేసి, కొత్త నంబర్ కొడతారు. 15 నానోసెకన్ల చిప్ 10 అయిపోతుంది. ఏసీ గదిలో టెస్ట్ పాస్, వేడెక్కాక ఫెయిల్. తయారీ ఆగిపోయిన తర్వాతి తేదీ కోడ్ కనిపిస్తే అక్కడే వదిలేయండి. పూత మీద ఎసిటోన్ రుద్దితే కొన్నిసార్లు గుట్టు బయటపడుతుంది, కానీ ఇప్పుడు దానికీ తట్టుకునే పూతలున్నాయి. హాబీ ప్రాజెక్టుకి కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కోవచ్చు. భద్రతకి సంబంధించిన బోర్డు అయితే తయారీదారు అధికారిక డీలర్, లేదా రోచెస్టర్ ఎలక్ట్రానిక్స్ లాగా ఆగిపోయిన చిప్‌లని అనుమతితో నిల్వచేసే, కొన్నిటిని మళ్లీ తయారుచేసే కంపెనీ. రేటు చూస్తే గుండె ఆగుతుంది, నిజమే.

వీటన్నిటికన్నా చవకైన దారి ముందే కొనిపెట్టుకోవడం. జెడెక్ ప్రమాణం ప్రకారం చిప్ ఆపేస్తున్నామని నోటీసు ఇచ్చాక ఆఖరి ఆర్డర్‌కి కనీసం 6 నెలలు, ఆఖరి డెలివరీకి 12 నెలలు టైమ్ ఇవ్వాలి. ఆ మెయిల్ ఎవరి ఇన్‌బాక్స్‌కి వస్తుందో, వాళ్లు ఇంకా ఆ ఉద్యోగంలో ఉన్నారో లేదో చూసుకోవాలి. కొన్నవి తేమ తగలని కవర్లో ఉంచాలి. ఏళ్ల తర్వాత తీసి నేరుగా రీఫ్లో ఓవెన్‌లో పెడితే లోపల చేరిన తేమ ఆవిరై ప్యాకేజీ పేలాల్లా పగులుతుంది. ముందు డేటాషీట్ చెప్పినన్ని గంటలు బేక్ చేసి, సోల్డర్ అయ్యాక వేడిలో మెమరీ టెస్ట్ రాత్రంతా నడిపి, ఆ తర్వాతే బోర్డుని గనికి పంపాలి.