ఖాళీ డబ్బా, కనిపించని బొమ్మ

బొమ్మల దుకాణంలో ఖాళీ డబ్బా పెట్టి అమ్మితే ఎవరైనా కొంటారా? అమెరికాలో ఒకసారి ఎంతోమంది కొన్నారు!

1977 మే 25 న అక్కడ "స్టార్ వార్స్" అనే సినిమా విడుదల అయింది. అది అంతరిక్షంలో జరిగే యుద్ధాల కథ. జనం విరగబడి చూశారు. అందులోని పాత్రల బొమ్మలు చేసి అమ్ముకునే హక్కు సిన్సినాటి నగరంలోని కెన్నర్ కంపెనీకి ఉన్నది. కాని బొమ్మలు రాత్రికి రాత్రి తయారవుతాయా? ముందు నమూనా చెక్కాలి, దాన్ని బట్టి లోహపు అచ్చులు చెయ్యాలి, వాటిలో కరిగిన ప్లాస్టిక్ పొయ్యాలి, రంగులు వెయ్యాలి. ఇందుకు నెలలు పడుతుంది. క్రిస్మస్ దగ్గిర పడింది. పిల్లలు బొమ్మలు కావాలని మారాం చేస్తున్నారు. బొమ్మలు చూస్తే ఇంకా సిద్ధం కాలేదు.

కంపెనీవారు ఒక ఉపాయం పన్నారు. బొమ్మలను నిలబెట్టుకునే రంగుల అట్ట ఒకటి, గోడకూ పుస్తకానికీ అంటించుకునే చీటీలు కొన్ని, ఒక సభ్యత్వపు కార్డు, ఒక పత్రం—ఇవి మాత్రం కట్టగట్టి దుకాణాలకు పంపారు. ఆ పత్రం నింపి పోస్టు చేస్తే 1978 ఫిబ్రవరికీ జూన్‌కూ మధ్య నాలుగు బొమ్మలు ఇంటికే వస్తాయి. పండుగనాడు పిల్లలకు దొరికింది బొమ్మ కాదు, బొమ్మ వస్తుందన్న మాట! ఖాళీ డబ్బా అమ్ముతున్నారని హేళన చేసినవాళ్ళూ లేకపోలేదు. అయితే కంపెనీ మాట తప్పలేదు. ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్టూ-డీటూ—అరచేతిలో పట్టే నాలుగు బొమ్మలూ పోస్టులో వచ్చాయి.

నలభై ఏళ్ళు గడిచాయి. 2012 లో ఈ సినిమాల సంస్థను డిస్నీవారు కొన్నారు. 2017 డిసెంబరులో "ది లాస్ట్ జెడై" అనే కొత్త సినిమా రావలిసి ఉండగా, సెప్టెంబరు 1, 2, 3 తేదీలలో ఒక వింత వేట ఏర్పాటు చేశారు. 30 దేశాలలో 20,000 పైగా దుకాణాలు ఇందులో చేరాయి. దుకాణంలో ఒక గుర్తు ఉంటుంది. ఫోనులోని కెమేరాను దానికేసి తిప్పితే, ఫోను అద్దంలో ఒక పాత్ర మన ఎదటే నిలబడినట్టు కనిపిస్తుంది! ఫోను పక్కకు తీస్తే అక్కడ ఏమీ ఉండదు.

ఇది గారడీ కాదు. దీన్ని ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అంటారు. ఇంట్లో ఒక కంచం తీసుకుని ముఖానికి ఎదురుగా పట్టుకోండి. గుండ్రంగా కనిపిస్తుంది. కొంచెం వంచండి. కోలగా కనిపిస్తుంది. దూరంగా పెడితే చిన్నదవుతుంది. కంచం అసలు ఆకారం మీకు తెలుసు గనక, అది ఎంత వంగి ఉన్నదో, ఎంత దూరాన ఉన్నదో ఇట్టే చెప్పగలరు. ఫోను చేసే పని కూడా ఇదే. గుర్తు అసలు ఆకారం దానికి ముందే తెలుసు. కెమేరాలో అది ఎలా కనిపిస్తున్నదో చూసి లెక్క కడుతుంది. మీరు ఏ మూల నిలబడితే ఆ మూలనుంచి కనిపించేటట్టు బొమ్మ గీస్తుంది. చెయ్యి కదిలితే మళ్ళీ లెక్క, మళ్ళీ బొమ్మ. సెకండుకు ఇన్నిసార్లు గీస్తుంది గనకనే బొమ్మ అక్కడే పాతుకున్నట్టు ఉంటుంది.

ఈ వేటకు డబ్బు పుచ్చుకోలేదు. మరి లాభమేమిటి? పాత్రలు మొత్తం 15. రోజుకు ఐదు చొప్పున మాత్రమే బయటపెట్టారు. అన్నీ కావాలంటే మూడు రోజులూ దుకాణానికి వెళ్ళాలి. వెళితే పక్కనే కొత్త బొమ్మల బీరువాలు! పైగా అలా తీసిన ఫోటోలను అందరికీ చూపినవారిలో కొందరికి సినిమా తొలి ఆట టిక్కెట్లు దక్కే పోటీ పెట్టారు. వెనక గోడలకు కాగితాలు అంటించటానికి కూలి ఇచ్చేవారు. ఈసారి ఆ పని పిల్లలే సంబరంగా చేసిపెట్టారు.

పత్రం కొన్న పిల్లవాడు బొమ్మకోసం నెలల తరబడి కాచుకున్నాడు. నీడను వేటాడినవాడు అలా కాచుకోనవసరం లేదు, బొమ్మలు పక్కనే ఉన్నాయి. తల్లిదండ్రులకు ఏది ఎక్కువ ఇబ్బందో వాళ్ళనే అడగాలి.

ఆ సెప్టెంబరు 1 న అర్ధరాత్రే తలుపులు తెరిచి పిల్లలను పిలిచిన దుకాణాలలో టాయ్స్ ఆర్ అస్ కూడా ఒకటి. అదే నెల 18 న ఆ సంస్థ అప్పులు తీర్చలేక కోర్టుకెక్కింది. 2018 జూన్ ఆఖరుకు అమెరికాలోని తన దుకాణాలన్నీ మూసేసింది.