సున్నపురాయి సొమ్ముతో సోలార్ కొలువు

సిమెంటుకూ కరెంటుకూ సూర్యాపేట జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ఈ గడ్డ మీద కొదవ లేదు. సింహపురిలో నాగార్జున సిమెంట్, మఠంపల్లిలో సాగర్ సిమెంట్స్ 1980ల నుంచీ నడుస్తున్నాయి. మేళ్లచెరువులో మైహోం ఉంది. కృష్ణకు మన ఒడ్డున పులిచింతల జలవిద్యుత్ కేంద్రం 120 మెగావాట్లది. మిర్యాలగూడ అవతల దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం ఏకంగా 4 వేల మెగావాట్లది. ఇన్ని చిమ్నీల నడుమ పెరిగి ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఐటీఐ పాసైన మఠంపల్లి కుర్రాడు మాత్రం సర్టిఫికెట్లు ఫైలులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. ఇక్కడే ఉంటే కాంట్రాక్టరు కింద హెల్పర్ పని. అదీ తెలిసినవాళ్లుంటేనే.

ఇప్పుడు ఊళ్లోకి సోలార్ వస్తోంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం వ్యయం 75,021 కోట్లు. కోటి ఇళ్ల కప్పుల మీద ప్యానెళ్లు పెట్టించాలన్నది లక్ష్యం. 3 కిలోవాట్ల యూనిట్ పెట్టుకున్న ఇంటికి 78 వేల రాయితీ. దీనికి మనుషులు కావాలి కాబట్టి 3 లక్షల మందికి శిక్షణ ఇస్తామని, అందులో కనీసం లక్ష మంది సోలార్ టెక్నీషియన్లు ఉంటారని చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ తెచ్చి, 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్లు అంది. 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చేందుకు 2,324 కోట్ల ప్రణాళిక వేసింది. కాగితం మీద డబ్బుకు లోటు లేదు.

శిక్షణ కూడా కొత్త సంగతేం కాదు. సోలార్ టెక్నీషియన్లను తయారుచేసే సూర్యమిత్ర పథకం మొదలైంది 2015లో. 600 గంటల కోర్సు, మూడు నెలలు, ఫీజు లేదు, తిండీ బసా ఉచితం, ఖర్చంతా కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖది. పదో తరగతితో పాటు ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ లాంటి ట్రేడులో ఐటీఐ ఉంటే చాలు. ఐదేళ్లలో 50 వేల మందిని తయారుచేయాలని గురి పెట్టుకున్నారు. గాలిమరల పనికి వాయుమిత్ర, చిన్న జలవిద్యుత్‌కు జల ఊర్జామిత్ర ఆ తర్వాత వచ్చాయి. మన పాత నల్లగొండ జిల్లాలోనే, పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లో, స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ సోలార్ ఇన్‌స్టలేషన్ కోర్సును హాస్టలు, భోజనంతో సహా ఉచితంగా నేర్పుతూ వచ్చింది. పేపర్లో ఓ మూల నాలుగు లైన్ల ప్రకటన పడుతుంది. చూసినవాడు వెళ్తాడు, చూడనివాడికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

డాబా మీద పని

3 కిలోవాట్లంటే ఇప్పటి లెక్కన 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. ఒక్కోటి దాదాపు 28 కిలోలు. సన్నటి మెట్ల మీద అద్దం పగలకుండా పైకి చేర్చడమే మొదటి పరీక్ష. స్ట్రక్చర్ దక్షిణానికి తిప్పి, సుమారు 15 డిగ్రీల వాలుతో బిగిస్తారు. ఆరింటినీ వరసగా కలిపితే 300 వోల్టుల దాకా డీసీ వస్తుంది. ఐటీఐ చదివినవాడు కూడా తడబడేది ఇక్కడే. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా ఆరిపోవడానికి సందు ఉంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ లేచిందంటే మండుతూనే ఉంటుంది. పైగా మెయిన్ స్విచ్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ వైర్ల కొసల్లో కరెంటు ఉంటుంది. కనెక్టర్ సరిగ్గా క్రింప్ చేయకపోతే ఆ రోజుకేమీ కాదు. రెండు వేసవులు గడిచేసరికి వేడెక్కి కరిగిపోతుంది. అప్పటికి పెట్టినవాడు ఫోనెత్తడు.

ఎర్తింగ్ గుంతలు మూడు తవ్వాలి: ప్యానెళ్ల ఫ్రేములకొకటి, ఇన్వర్టరుకొకటి, పిడుగు తీగకొకటి. కూలీ మిగుల్చుకుందామని ఒక్కదానితో సరిపెట్టే బాపతు ఎక్కడైనా ఉంటారు.

ఇక ఇంటివాళ్ల ప్రశ్నలు. ‘ఎండ మండిపోతుంటే కరెంటు తగ్గిందేంది బాబూ?’ అని మే నెలలో అడుగుతారు. ప్యానెల్ సామర్థ్యాన్ని కొలిచేది 25 డిగ్రీల దగ్గర. మన వేసవి మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున 14 శాతం దాకా తగ్గిపోతుంది. వెలుతురుతోనే కరెంటు, వేడితో నష్టం. ఈ ముక్క విడమరచి చెప్పలేని టెక్నీషియన్‌ను జనం మోసగాడనుకుంటారు.

మఠంపల్లికి ఇంకో సమస్య ఉంది. లారీలు తిరిగే దారుల పక్కన సిమెంటు దుమ్ము మంచుతో తడిసిందంటే అద్దానికి అతుక్కుంటుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ఎండలో కాగిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగిలే ప్రమాదం ఉంది. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. ఊరూరా ప్యానెళ్లు లేస్తే ఈ కడిగే పని, మరమ్మతు పనీ ఏళ్ల తరబడి ఉంటాయి. హైదరాబాద్ వెండరు ఇందుకోసం వారం వారం రాలేడు. ఇక్కడి మనిషే చేయాలి.

డబ్బు ఎటు పోతోంది

2015 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నైపుణ్య శిక్షణ సంస్థకు సొమ్ము మూడు విడతల్లో వెళ్లేది. బ్యాచ్ మొదలైతే 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50, ఉద్యోగం చూపించాక 20. ఉద్యోగం రాకపోయినా 80 శాతం చేతికందే బేరమిది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నాలుగో విడతకు వచ్చేసరికి ఆ ఉద్యోగం ముడిని కూడా విప్పేశారు. ఆ యోజన మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. 94 శాతానికి పైగా అభ్యర్థుల బ్యాంకు ఖాతా వివరాల గడి ఖాళీగానో చెల్లని అంకెలతోనో ఉందని తేల్చింది. మనిషి ఖాతానే తెలియనప్పుడు అతనికి కొలువు దొరికిందో లేదో ఎవరికి తెలుస్తుంది? తప్పు సూర్యమిత్రలదీ కాదు, పాఠం చెప్పేవాళ్లదీ కాదు. గంటలకూ కాగితాలకూ డబ్బిచ్చే పద్ధతిది.

అందుకే ఢిల్లీ వైపు చూడటం కాస్త ఆపి, కాళ్ల కింద చూసుకుందాం. సున్నపురాయి టన్నుకు రాయల్టీ 80 రూపాయలు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టులు పెట్టారు. పాత లీజుల మీద తవ్వే కంపెనీ రాయల్టీ కాక, అందులో 30 శాతానికి సమానమైన మొత్తం ఈ ట్రస్టుకు కట్టాలి. అంటే టన్నుకు 24 రూపాయలు. పది లక్షల టన్నులు తవ్వితే 2 కోట్ల 40 లక్షలు. టన్ను సిమెంటుకు దాదాపు టన్నున్నర రాయి కావాలి కాబట్టి, ఈ ఫ్యాక్టరీల మధ్య పది లక్షల టన్నులు పెద్ద లెక్కే కాదు. గని ప్రభావిత గ్రామాల కోసం ఖర్చుపెట్టాల్సిన ఈ నిధిలో నైపుణ్యాభివృద్ధి అధిక ప్రాధాన్య రంగమని కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. రోడ్లకూ ప్రహరీ గోడలకూ అడిగేవాళ్లుంటారు, శిక్షణకు అడిగేవాళ్లే తక్కువ.

నా లెక్క ఇది. గంటకు 50 రూపాయల చొప్పున 600 గంటల శిక్షణకు 30 వేలు. తర్వాత ఆరు నెలలు పని తెలిసిన మేస్త్రీ వెంట డాబాలెక్కేందుకు నెలకు 8 వేల స్టైపెండు, మొత్తం 48 వేలు. కలిపితే 78 వేలు. ఒక ఇంటి కప్పుకు ఇచ్చే రాయితీ కూడా అంతే! పది లక్షల టన్నుల మీద వచ్చే సొమ్ముతో 300 మంది తయారవుతారు. శిక్షణ సంస్థకు మాత్రం చివరి సగం, ఆ కుర్రాడి ఖాతాలో ఆరో నెల జీతం పడ్డాకే ఇవ్వాలి.

ఫ్యాక్టరీలను కూడా వదలక్కర్లేదు. 30 మంది, అంతకు పైగా పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని అప్రెంటిస్‌ల చట్టం నిబంధనలున్నాయి. స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. సొంతంగా కరెంటు తయారుచేసుకునే సిమెంటు కంపెనీలో సోలార్ అప్రెంటిస్‌లకు చోటు లేదంటే నమ్మలేం.

సోమవారం సోమవారం సూర్యాపేట కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. మఠంపల్లి, మేళ్లచెరువు, చింతలపాలెం ఐటీఐ కుర్రాళ్లు విడివిడిగా కాక కలిసి వెళ్లండి. మినరల్ ఫండ్‌లో మన మండలాల వాటా ఎంత, శిక్షణకు పెట్టింది ఎంత అని రాసిన అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి.