గృహవిద్యుద్రక్షణమున కల్పితదృశ్యము

తప్పు చేసి నేర్చుకొనుట పెక్కు వృత్తులందు కలదు. వడ్రంగి చెక్క పాడుచేసి నేర్చును; నేతగాడు నూలు తెంపి నేర్చును. విద్యుత్పనిలో అట్టి యవకాశము లేదు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. తడిసిన దేహపు నిరోధము సుమారు 1,000 ఓములని కొన్నచో, ఓము సూత్రము ననుసరించి 230 మిల్లీఆంపియర్ల ప్రవాహము దేహము గుండ పోవును. ప్రాణరక్షణకై గృహములందమర్చు ఎర్త్ లీకేజి బ్రేకరు 30 మిల్లీఆంపియర్ల కడనే ప్రవాహమును త్రెంచివేయునన్నచో అపాయ మెంతటిదో ఊహింపవచ్చును.

ఇట్టి వృత్తికి నేడు ‘వర్చువల్ రియాలిటీ’, అనగా కల్పితదృశ్యము, తోడ్పడుచున్నది. కన్నులకు తగిలించుకొను పరికరమున రెండు కన్నులకును స్వల్పభేదము గల చిత్రములు కనబడుటచే లోతు తోచును. తల త్రిప్పినపుడెల్ల దృశ్యమును మారును. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లండు చూపిన తొలి యంత్రములలో నొకటి బరువుచే లోకప్పునుండి వ్రేలాడదీయబడెను.

నిర్మాణ ప్రణాళికలో దీని యుపయోగమున కొక యుదాహరణము. స్విచ్చిబోర్డు ముందు 1 మీటరు ఖాళీ యుండవలెననియు, వెనుక తొడుగులేని కలయికలున్నచో అచటి సందు 20 సెంటీమీటర్లకు తక్కువగనో, 75 సెంటీమీటర్లకు ఎక్కువగనో ఉండవలెననియు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన నియమములు విధించినవి. ఇది మొదట విచిత్రముగ తోచును. మనుష్యుడచట దూరనే రాదు; దూరినచో స్వేచ్ఛగ కదలగలుగవలెను; ఇరుకున చిక్కుకొనరాదని దాని భావము. కాగితముపై 40 సెంటీమీటర్ల సందు దోషముగ కంటికానదు. కల్పితదృశ్యమున ఆ సందు చెంత నిలిచిన యింజనీరునకు గోడ లేవకముందే తెలిసిపోవును. స్విచ్చి తలుపు వెనుక పడుటయు, కుళాయి చెంత ప్లగ్గు వచ్చుటయు ఇట్లే బయటపడును.

శిక్షణమందును ఇది మేలు. మెయిన్ ఆపి, తాళము వేసి, హెచ్చరిక పలక తగిలించి, ప్రవాహము లేదని టెస్టరుతో చూచి, పిమ్మటనే తీగ ముట్టవలెను. ఆ టెస్టరే సరిగా నున్నదా యని ప్రవాహమున్న తీగపై ముందొకసారి, వెనుకొకసారి చూచుట పలువురు విడుచు జాగ్రత్త. వరుస తప్పిన శిష్యునకు ఇచట మెరుపు కనబడునే గాని హాని లేదు.

అయితే హానిలేని మెరుపు అలవడినచో భయము తగ్గునను శంక నిరాధారము కాదు. కొందరికి తల తిరుగును. మరియు పాతయిండ్ల గోడలలోని తీగలు పెక్కు ఏ పటమునను లేవు. పటమున లేనిది కల్పితదృశ్యమునను కానరాదు. అట్టి యిండ్లలో వైర్‌మన్ మెయిన్ ఆపి, తీగజాడ తెలుపు పరికరముతో గోడ తడవిన పిమ్మటనే ఉలి పెట్టవలసియున్నది.