నేల కింది లెక్క

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి వీరభద్రాలయం కూర్మశైలమనే గుట్టపై వెలసింది. 16వ శతాబ్దికి చెందిన ఆ ఆలయ స్థపతులు తాబేటి వీపును పోలిన ఆ రాతినే ఆధారంగా స్వీకరించారు; అక్కడి బండనే నాగలింగంగా మలిచారు. నేల స్వభావాన్ని ఎరిగి కట్టడాన్ని దానికి అనుగుణంగా అమర్చే ఈ విద్యకు నేటి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు భూసాంకేతిక ఇంజనీరింగు. మట్టి బలం, రాతి లోతు, భూగర్భజల మట్టం, వాలు నిలకడ దీని పరిశీలనాంశాలు.

కట్టడం వల్ల ప్రకృతికి కలిగే నష్టాన్ని అంకెలలో కొలిచే పద్ధతులు ఇటీవలి కాలంలో వచ్చాయి. వీటినే రేటింగు సాధనాలంటారు. నీరు, విద్యుత్తు, సామగ్రి మొదలైన వాటికి మార్కులు కేటాయించి, వచ్చిన మొత్తాన్ని బట్టి భవనానికి స్థాయిని నిర్ణయిస్తారు. అమెరికాలో పుట్టిన ‘లీడ్’ పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం స్థాయిని ఆ దేశం వెలుపల తొలిసారిగా పొందినది హైదరాబాదులోని సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం. టెరి సంస్థ రూపొందించిన ‘గృహ’ పద్ధతిని 2007లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రేటింగుగా స్వీకరించింది.

అయితే ఈ సాధనాల చూపు ఎక్కువగా నేలపై కనిపించే భాగం మీదనే నిలిచింది. పైకప్పుపై సౌరఫలకాలు అందరికీ కనబడతాయి. పునాదిలో అనవసరంగా పోసిన కాంక్రీటు ఎవరికీ కనబడదు. ప్రపంచంలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 7 శాతం సిమెంటు తయారీ నుండి వస్తున్నదన్న సంగతి తెలిసినవారికి ఆ కనబడని కాంక్రీటు చిన్న విషయం కాదు. పెనుకొండ ప్రాంతంలో చాలాచోట్ల కొద్ది అడుగుల ఎర్రమట్టి, గరుసుల కిందనే గట్టి రాయి తగులుతుంది. ముందుగా బోరు వేసి రాతి లోతును కనుగొంటే తక్కువ లోతు పునాది సరిపోతుందో లేదో తేలుతుంది. ఆ పరీక్షకయ్యే ఖర్చుకు వెనుకాడి, భయంతో పునాదిని రెట్టింపు చేయడం పొదుపనిపించుకోదు. నల్లరేగడి నేల తగిలినచోట మాత్రం పరిస్థితి వేరు. అది తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. దానిని పూర్తిగా తొలగించి దూరం నుండి గరుసు తెప్పించే బదులు, తగిన పాళ్లలో సున్నం కలిపి స్థిరపరచడం అనేక సందర్భాలలో సాధ్యమే.

పెనుకొండ సమీపంలో కియా కార్ల కర్మాగారం కోసం సుమారు 536 ఎకరాలు కేటాయించారు. 2019 డిసెంబరులో దానిని ప్రారంభించారు. అటువంటి విశాల స్థలాన్ని చదును చేయడమంటే ఏమిటో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక్క ఎకరంలో పైనున్న 15 సెంటీమీటర్ల సారవంతమైన మట్టిని తీస్తే సుమారు 600 ఘనమీటర్లవుతుంది. పది ఘనమీటర్లు పట్టే టిప్పరుకు అది అరవై విడతల పని! వేరుసెనగ పండించిన ఆ పైమట్టి గుట్టల కింద కలిసిపోతే తిరిగి ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుంది. అందువల్లనే పైమట్టిని వేరుగా కుప్పవేసి పచ్చిక నాటే చోట తిరిగి పరచడానికి, నిర్మాణ సమయంలో మట్టి కొట్టుకుపోకుండా కాపాడడానికి ‘గృహ’ ప్రాధాన్యమిచ్చింది. మిట్టలో తవ్విన మట్టి పల్లంలో నింపడానికి సరిపోయేటట్లు మట్టాలను నిర్ణయించడం ఇంజనీరు నేర్పు. అట్లా చేస్తే టిప్పర్ల డీజిలూ మిగులుతుంది, గరుసు కోసం మరో గుట్టను తొలచవలసిన అవసరమూ తగ్గుతుంది.

రోడ్లు, వంతెనలు, ఆనకట్టల కోసం బ్రిటన్‌లో 2003లో ‘సీక్వల్’, అమెరికాలో 2012లో ‘ఎన్విజన్’ అనే పద్ధతులు వచ్చాయి. భవనాల రేటింగులో మరుగునపడిన మట్టిపనికి వీటిలో కొంత న్యాయం జరిగింది. కాని పరదేశపు మార్కుల పట్టికను యథాతథంగా అనంతపురం సీమకు తెస్తే సరిపోదు. ఏటా 550 మిల్లీమీటర్ల వర్షమైనా నిలకడగా కురవని చోట చెరువుకు నీరు చేర్చే ఒక వంక పూడిపోవడం, వానలు సమృద్ధిగా గల దేశంలో కాలువ పూడిపోవడం ఒకటి కావు.

ధర్మవరం నేతగాళ్ల ఇళ్లను చూస్తే ఈ మాట బోధపడుతుంది. అక్కడి గుంతమగ్గాలు నేల మట్టానికి దిగువన ఉంటాయి. ఇంటి ముందరి వీధిని మట్టిపోసి ఎత్తుచేసి, నీరు పారే దారి మరచిపోతే, పెద్దవాన నాడు ఆ నీరంతా మగ్గం గుంతలోకే దిగుతుంది. తడిసిన పట్టుపడుగు చెడుతుంది. గుంత ఆరే వరకు నేత ఆగిపోతుంది. ఆ వీధి రోడ్డుకు మార్కులు వేసే పట్టికలో మగ్గం గుంతకు కూడా ఒక గడి ఉండాలి.