మెడ డిస్కుల అరుగుదల: లక్షణాలు, క్రమం

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు తల పైకెత్తి పనిచేస్తాడు. కాయలు ఒలిచేవారు గంటల తరబడి తల వంచి పనిచేస్తారు. ఇద్దరి మెడలోనూ ఉండేవి 7 పూసలే. మొదటి రెండింటి మధ్య తప్ప, మిగిలిన పూసల మధ్య మెత్తని డిస్కులు ఉంటాయి.

వయసు పెరిగేకొద్దీ డిస్కులో నీరు తగ్గి, దాని మందం తగ్గుతుంది. పూసల అంచుల వద్ద ఎముక పెరుగుతుంది. 5, 6, 7 పూసల మధ్య ఈ మార్పు ఎక్కువ. ఎక్స్‌రేలో అరుగుదల కనిపించిన అందరికీ నొప్పి ఉండదు. అందువల్ల లక్షణాలను గమనించడం ముఖ్యం.

1. డిస్కు అరిగినప్పుడు: మెడ నొప్పి, బిగుసుకుపోవడం.
2. నరం నొక్కుకుంటే: భుజం నుంచి వేళ్ల దాకా నొప్పి, తిమ్మిరి. చాలామందికి ఇది శస్త్రచికిత్స లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది.
3. వెన్నుపాము నొక్కుకుంటే: గుండీలు పెట్టుకోలేకపోవడం, నడకలో తూలడం, ఒక్కోసారి మూత్రంపై అదుపు తప్పడం.

మూడవ స్థితిలో నొప్పి అంతగా ఉండకపోవచ్చు. అదే మనల్ని ఏమరుస్తుంది. ఆలస్యమైతే పోయిన శక్తి పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. చేతి పట్టు సడలినవారు చెట్టెక్కడం ఆపి, వెంటనే వైద్యుణ్ణి కలవాలి. క్షౌరశాలలో మెడ విరిపించుకోకూడదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: మెడ నొప్పి తగ్గింది, కాని గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది. ఇది మెరుగుదలా, ప్రమాద సూచనా?