ఎదురుకాళ్ల వైద్యం

మాఘ ఫాల్గుణాలలో గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలలో మిరపకోతలు ముమ్మరంగా సాగుతాయి. ప్రొద్దు పొడిచినది మొదలు వంచిన నడుము ఎత్తకుండా కాయ కోసే ఆడవారికి సాయంత్రానికి నడుము పట్టివేయడం వింత కాదు. నా చిన్నతనంలో మా పల్లెలో ఆ నొప్పికి ఒక చిత్రమైన చికిత్స ఉండేది. ఎదురుకాళ్లతో పుట్టినవాని చేత నడుము మీద తన్నించుకోవడం! మా వీధిలో అట్లా పుట్టిన పిల్లవాడొకడు ఉండేవాడు. కోతల కాలంలో తెల్లవారేసరికి వాని గుమ్మం ముందు పెద్దలు బోర్లా పడుకొనేవారు. వాడు గోడ పట్టుకొని ముమ్మారు తన్నేవాడు. మా నాయనమ్మ లేచి, “హాయిగా ఉన్నదిరా” అనేది. నేను నవ్వేవాణ్ణి. కాని ఆమె ఆ పూట కోతకు వెళ్లిన మాట నిజం.

ఆమెకు మేలు చేసినదేమిటి? పుట్టుక మహిమా, పాదపు ఒత్తిడా, నమ్మకమా? నడుమునొప్పులలో అధికభాగం కొద్ది వారాలలో తమంతట తామే తగ్గేవి. కనుక తగ్గడమొక్కటే సాక్ష్యం కాజాలదు. కూలిడబ్బులో కొంత తీసి వైద్యానికి చెల్లించేవారికి ఈ సంగతి తేలడం అవసరం.

1796లో పెర్కిన్సు అనే అమెరికా వైద్యుడు రెండు లోహపు కడ్డీలకు పేటెంటు పొందాడు. వాటితో నొప్పి ఉన్నచోట దువ్వితే బాధ పోతుందని ప్రచారం. 1799లో ఇంగ్లండులోని బాత్ నగరంలో హేగార్త్ అనే వైద్యుడు కొయ్య కడ్డీలకు లోహమని తోచేటట్లు రంగు వేయించి, అయిదుగురు రోగుల మీద ప్రయోగించాడు. నలుగురు ఉపశమనం కలిగినదన్నారు! మరునాడు అసలు కడ్డీలు వాడినా ఫలితం ఇంచుమించు అదే. పోలికకై పెట్టే ఇటువంటి ఉత్తుత్తి చికిత్సను నేడు ప్లాసిబో అంటున్నారు.

కడ్డీకి, మాత్రకు నకిలీ చేయవచ్చును. చేతికి నకిలీ ఏది? మర్దనలో, కీళ్లు సర్దే ఫిజియోథెరపీలో పరిశోధకులకు ఇదే పెద్ద చిక్కు. ఊరక చేయి ఆనిస్తే ఆ స్పర్శ కూడ కొంత ఊరట కలిగించవచ్చును. కొందరు విద్యుత్తు లేని యంత్రాన్ని ఒంటికి ఆనించి, దానినే ఉత్తుత్తి చికిత్సగా చూపుతారు. చివర, “మీకు జరిగినది అసలుదా, కాదా?” అని రోగినే అడిగి చూస్తారు. రోగిని ఏమరించినా, తన చేయి ఏమి చేస్తున్నదో వైద్యునికి తెలియకుండా చేయడమెట్లా?

ఇక్కడ మా వీధి పిల్లవాడు జ్ఞాపకం వస్తాడు. ఎవరికీ తమ పుట్టుక జ్ఞాపకముండదు. తల్లి చెబితే తెలుస్తుంది. ఆ సంగతి ఇంకా వినని యువకులను, ఎదురుకాళ్లవారిని కొందరిని, మామూలుగా పుట్టినవారిని కొందరిని తల్లుల ద్వారా ఎంచి, చీటీలు వేసి తన్నిస్తే? తన్నేవానికీ తెలియదు, తన్నించుకొనేవారికీ తెలియదు! (ఎముకలు పెళుసైన ముసలివారిని మాత్రం విడిచిపెట్టాలి.) దీనితో పుట్టుక మహిమ సంగతి తేలుతుంది. ఒత్తిడి సంగతి తేలదు. దానికి మళ్లీ ఉత్తుత్తి తన్ను కావాలి, పాత చిక్కే ఎదురవుతుంది.

ఈ పథకాన్ని తరగతిలో చెప్పాను. “రోగులను మోసగించడం కాదా?” అన్నాడొక విద్యార్థి. కొందరికి అసలువారు, కొందరికి కానివారు వస్తారని ముందే చెప్పి, ఒప్పుకొన్నవారినే చేర్చుకోవాలన్నాను. వెనుక బల్ల మీది అమ్మాయి లేచినది. వాళ్ల అమ్మ మిరపకోతకు వెళుతుందట.

“మా అమ్మ ఒకటే అడుగుతుందండీ. తనకు ఉత్తుత్తి కాలు వచ్చి, నొప్పి తగ్గకపోతే, ఆ రోజు కూలి ఎవరిస్తారని.”

ఆ ఖర్చు నా పథకంలో లేదు.